బోసినోటి మిషను

బాలచంద్ర భుజాల మీది శాలువా నిజానికి హరినాథ్‌ది.

పోయిన సీజన్లో మామిడికాయలు లారీలోంచి కుప్పగా పోస్తుంటే అడుగువి చితికిపోతున్నాయని, ట్రేలలో దించుకుంటే ఆ నష్టం ఉండదని టీ తాగుతూ నోరు జారింది హరినాథే. గ్లాసు కింద పెట్టేలోపు సూపర్‌వైజర్ బాలచంద్ర ఆ మాట తీసుకెళ్ళి ఓనరు చెవిలో వేశాడు. సీజను ఆఖర్న ఫంక్షను. ఓనరు ధనంజయ చేతుల మీదుగా జరీ అంచు శాలువా. ఫొటో. దాన్ని ఫ్రేము కట్టి తూకం మిషను పైన తగిలించారు. ఏడాదిగా హరినాథ్ పొద్దున్నే ఆ మొహం చూసి పనిలోకి దిగాల్సి వస్తోంది.

కాణిపాకం దారిలో ఉన్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో హరినాథ్ తొక్కల యార్డు మేస్త్రీ. గుజ్జు తీశాక మిగిలే తొక్కా టెంకా అతని రాజ్యం. సాయంత్రానికి వాటిని ట్రాక్టరుకెత్తి గేటు దాటించేదీ అతనే.

ఈ ఏడు ఓనరు పనివాళ్ళందరినీ పిలిచి కొత్త పోటీ పెట్టాడు.

"లాభమంతా వేస్టులోనే పోతా ఉండాది. దాన్ని తగ్గించే ఉపాయం చెప్పినోళ్ళకు ఈసారి శాలువా."

బాలచంద్ర అందరి ముందూ హరినాథ్ వైపు తిరిగాడు. "ఇది సదువుకున్నోళ్ళ యవ్వారంలే హరన్నా. ఏడో తరగతి ఎగ్గొట్టినోడివి, నీకు యాడ తెలస్తాది? వదిలెయ్ అబ్బా."

హరినాథ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికి పోయి బకెట్టు నిండా టెంకలు ముందేసుకుని కూర్చున్నాడు. మిషను పారేసిన టెంకకు ఇంకా వేలి మందం గుజ్జు అంటుకునే ఉంది. పక్కన మంచం మీది అవ్వ ఒకటి అందుకుని నోట్లో పెట్టుకుంది. కాసేపయ్యాక తీస్తే టెంక ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది.

హరినాథ్ అవ్వ నోట్లోకి టార్చి వేసి చూశాడు. ఒక్క పన్ను లేదు.

"అదీ సంగతి! మిషనుకు ఇనప పళ్ళుండాయి. అందుకే గుజ్జు రాలేదు. రబ్బరు చిగుళ్ళు పెట్టాల!"

"ఇంగోటియ్యిరా," అంది అవ్వ.

నాలుగు రోజుల్లో అవ్వ చేత డెబ్బై టెంకలు చీకించాడు. చీకక ముందూ చీకిన తర్వాతా తూకం వేసి అట్ట మీద రాసుకున్నాడు. అవ్వకు కడుపు కదిలింది కానీ ఉపాయం నిలబడింది. అంతటితో వదల్లేదు. తొక్కను ఎండబెట్టి పిండి కొడితే దాణా కంపెనీ కొంటుంది. టెంక పగలగొడితే లోపలి జీడి నూనెకు పోతుంది, పై పెంకు బాయిలరు కింద మండుతుంది.

పాలచెంబుతో లోపలికొచ్చిన పెళ్ళాం వసంతమ్మ ఆ అట్టను ఎగాదిగా చూసింది.

"ఫ్యాక్టరీలో వేస్టు తగ్గితే మనకేమొస్తాదయ్యా?"

"మర్యాద వస్తాది. ఆ బాలచంద్రగాడి ఫొటో కిందికి దిగతాది."

"పొయ్యేముందు బీరువాలో కాగితం ఒక తూరి సదువుకొని పో."

"సదువు, సదువు! నువ్వు గూడా మొదలుపెడితివా మే!" అంటూ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆమె ఇంకేదో అరిచింది కానీ, కొట్టంలో పద్నాలుగు ఆవులూ ఒకేసారి అంబా అనడంతో వినపడలేదు.

మిషనుకు రబ్బరు చిగుళ్ళు బిగించిన రోజున ఫ్యాక్టరీ అంతా చుట్టూ చేరింది. మిషను టెంకను అచ్చం అవ్వలాగే చప్పరించి ఉమ్మేసింది. సాయంత్రానికి టెంకలు బాయిలరు వైపు, తొక్క దాణా కంపెనీ లారీ వైపు వెళ్ళిపోయాయి. యార్డు ఊడ్చిన వాకిలిలా ఉంది.

ఓనరు అక్కడే మైకు పట్టుకున్నాడు. "ఈ రోజు నించీ మన ఫ్యాక్టరీలో వేస్టు అనేదే లేదు! హరినాథా, నువ్వు చేసిన మేలు ఈ జన్మలో మర్చిపోనప్పా."

శాలువా కప్పారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది బాలచంద్రే. కళ్ళ వెంట నీళ్ళు కూడా కారుతున్నాయి. ఓర్వలేక ఏడుస్తున్నాడని హరినాథ్ పొంగిపోయాడు. పాత ఫొటో తనే పీకి అతని చేతిలో పెట్టాడు.

ఖాళీ ట్రాక్టరు మీద, శాలువా గాలికి ఎగురుతుంటే, హారను కొట్టుకుంటూ ఇల్లు చేరాడు. కొట్టంలో ఆవులన్నీ రోజూ వచ్చే తొక్కల మేత కోసం తలలెత్తి ట్రాక్టరు వైపు చూశాయి.

వసంతమ్మ బీరువా తెరిచి, ఆరేళ్ళ నాటి ఆ కాగితం తీసి, ఈసారి తనే గట్టిగా చదివింది: "ఈ ఫ్యాక్టరీలో వేస్టు అని మిగిలేదంతా తరతరాలకూ హరినాథ్‌కే చెందేటట్టు, అందుకు బదులుగా హరినాథ్ పైసా పుచ్చుకోకుండా ధనంజయ గారికి ఫ్యాక్టరీ కట్టుకునేందుకు రాసి ఇచ్చిన సొంత నేల, రెండెకరాల ముప్పై నాలుగు సెంట్లు."