పాత రుచికి ఇత్తడి పలక

“బోర్డు మీద ఆ రాతేమిటి?” అన్నాడు డాక్టర్ సుబాగ్యో, కొట్టులోకి అడుగైనా పెట్టకుండా.

“కొట్టు పేరేనండీ. గొడుగు మార్కు రొట్టె,” అంది లియన్, హందుక్‌తో చేతుల పిండి తుడుచుకుంటూ. అరవై ఎనిమిదేళ్ల ఆవిణ్ని వీధంతా తాంతే లియన్ అంటుంది.

“పేరు కాదు, రాత. తొంభై ఏళ్ల కొట్టంటారు. అక్షరాలు చూస్తే మొన్నటివి.”

“డెబ్భై రెండులో సర్కారు కొత్త స్పెల్లింగు తెచ్చింది కదండీ. మర్నాడే మా నాన్న నిచ్చెనేసుకుని బోర్డు మార్చేశాడు. చైనావాళ్లం, ఆలస్యం చేస్తే ఎవరేమంటారోనని భయం.”

“భయపడి చరిత్ర చెరిపేశారన్నమాట.”

జావాలో పాత స్పెల్లింగుకి సుబాగ్యో పెద్ద దిక్కు. డచ్చివాళ్ల కాలంలో ‘ఉ’ పలకడానికి రెండక్షరాలు రాసేవారు, ఇప్పుడు ఒకటి చాలు. పలుకు మాత్రం అదే. ఆయన తన పేరులో రెండూ రాస్తాడు. కొత్త స్పెల్లింగు వచ్చిన పదేళ్లకి పుట్టినవాడికి ఆ రెండో అక్షరం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ అక్షరమే ఆయన్ని పాత రేవు వీధి కమిటీకి పెద్దను చేసింది.

ఆ వీధిలో రొట్టె కొట్లు రెండు. వారసత్వపు ఇత్తడి పలక ఒక్కదానికే. పలక రాని కొట్టు పొయ్యి వెంటనే ఆర్పెయ్యాలి, ఆ పొగకి పాత గోడలు పాడవుతాయట. పలక వచ్చిన పొయ్యి పొగ ఏం చేస్తుందో నిబంధనల్లో రాయలేదు.

లోపలికెళ్లగానే చెమట పట్టింది. గోడలు పెనం అడుగులా నల్లగా ఉన్నాయి. రిక్షా తొక్కే ముసలాయన రెండు గంపల రొట్టెలు మోసుకుంటూ ఎదురొచ్చాడు.

“వెనక సందులోంచి వెళ్లు జుమీరన్ అన్నా, ముందునుంచి వద్దు,” అంది లియన్.

సుబాగ్యో ఓ రొట్టె కొరికి, తిరగేసి చూశాడు. “అడుగున మసి.”

“కట్టెల పొయ్యి కదండీ.”

“శుభ్రత లేదు. పాత రుచి లేదు. పాత మాటైనా ఒక్కటి వినపడలేదిక్కడ.”

తువ్వాలుకి హందుక్, అత్తకి తాంతే, రెండూ డచ్చివాళ్లు వదిలిపోయిన మాటలే. అందరి నోళ్లలో నలిగేవి డాక్టరుగారి దృష్టిలో పాతవి కావు. ఆయన సంచిలోంచి పొయ్యి మూయించే ఎర్రకాగితం తీశాడు.

లియన్ ముఖం పాలిపోయింది. “మా నాన్న కట్టిన పొయ్యండీ. జపానువాళ్లొచ్చినప్పుడు కూడా ఆరలేదు. ముందు ఎదురుకొట్టు రొట్టె తినిరండి. తిన్నాకే అంటించండి.”

“పక్కవాళ్ల మీద ఏడుపు మంచిది కాదమ్మా.”

“ఏడుపు కాదండీ. ఇంకో మాట చెప్పేదాన్నే, నోరు విప్పనని ఒకరికి మాటిచ్చాను.”

ఆయన దగ్గరుండి నిప్పుల మీద నీళ్లు పోయించాడు. పొయ్యి తలుపుకి కాగితం అంటించి, “ఇది తియ్యడం ఇక నా చేతిలో కూడా లేదు,” అన్నాడు. లియన్ పిండి బస్తా మీద కూలబడింది.

ఎదురుకొట్టు బోర్డు నిండా పాత అక్షరాలే. ‘1929 నుంచి’ అన్న దగ్గర ఇంకా రంగు వాసన వస్తోంది.

“రండి తువాన్,” అన్నాడు యజమాని రెనాల్డి, డచ్చి దొరల్ని పిలిచినట్టు వంగి. ఆ ఒక్క పిలుపుతో సుబాగ్యో అంగుళం పొడుగయ్యాడు.

లోపల చల్లగా ఉంది. గోడలు మల్లెపూవులా ఉన్నాయి.

“ఇన్నేళ్లూ గోడకి మసి అంటకుండా ఎలా కాపాడారయ్యా?”

“పెద్దల దీవెన, తువాన్.”

వెనకగదిలోని గంపలోంచి రేకు పళ్లెంలోకి రొట్టె వచ్చింది. సుబాగ్యో కొరికి కళ్లు మూసుకున్నాడు. వేలికి నల్లగా అంటింది.

“మసి,” అన్నాడు గద్గదంగా. “అసలు సిసలు కట్టెల పొయ్యి మసి. మా అమ్మమ్మ రొట్టె అచ్చం ఇలాగే ఉండేది.” ఆవిడ జన్మలో రొట్టె కాల్చలేదన్నది వేరే సంగతి.

అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. “పలక నీదే. రేపు పొద్దున్నే మేయరుగారొస్తారు. మూడొందల రొట్టెలు, వేడివేడిగా ఉండాలి.”

“ఎంతలో పని తువాన్. పాపం, ఎదురుకొట్టు పెద్దావిడ ఏమంది?”

“ఏమంటుంది? పొయ్యి ఆర్పించే వచ్చాను. ఇక జన్మలో వెలగదు. నీకు పోటీ లేదు పో.”

రెనాల్డి చేతిలోని పళ్లెం జారి కిందపడింది.

“సంతోషంలో అలాగే అవుతుందిలే,” అంటూ సుబాగ్యో లేచాడు. “పద, నీ పొయ్యిని ఒకసారి కళ్లారా చూడనీ.”

రెనాల్డి వీధికి అటువైపు చూస్తూ నిలబడిపోయాడు. తువాన్ అనడం కూడా మరిచిపోయాడు.

“మా కొట్లో పొయ్యి లేదు సార్.”