వేడెక్కే బొమ్మ ఇంజను

"మళ్లీ వేడెక్కుతోందండీ," అంటూ పెద్దమనిషి బొమ్మ రైలింజన్ని బల్ల మీద పెట్టాడు.

బొమ్మల డాక్టరు తలెత్తి చూసి నిట్టూర్చాడు. పాడైన బొమ్మలు బాగుచేస్తాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. చెయ్యి మంచిదే, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది.

"మొన్న మోటారు బ్రష్షులు మార్చాను కదా?"

"మార్చారు."

"అంతకుముందు నూనె వేశాను. ఇరుసులకి చుట్టుకున్న పోగులన్నీ తీశాను."

"తీశారు. అయినా చెయ్యి పెడితే చురుక్కుమంటోంది."

పెద్దమనిషి తన సొట్టల స్టీలు సీసా బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ సీసా నిండా నీళ్లు తెచ్చుకుంటాడు, ఒక్క గుక్కయినా తాగడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరుస్తాడు, గొంతు సవరించుకుంటాడు, చివరికి "వానొచ్చేలా ఉంది" అంటాడు. బయట ఎండ మాడ్చేస్తూ ఉంటుంది.

మొదటిసారి వచ్చినప్పుడే ఆయన గోడ మీది ఫొటో చూశాడు.

"మీ అబ్బాయా?"

"ఆఁ. పట్టాలు దాటుతుంటే రైలు గుద్దేసింది."

పెద్దమనిషి సీసాని ఒళ్లోకి తీసుకున్నాడు.

"గుద్దేసి తన దారిన తను పోయాడండీ ఆ డ్రైవరు. మావాడికి కాసేపు ప్రాణం ఉందని ఆసుపత్రివాళ్లన్నారు. గొంతులో గుక్కెడు నీళ్లు పోసే దిక్కయినా ఉందో లేదో! మా ఆవిడ ఇప్పటికీ రోజూ అదే అడుగుతుంది. నేనేం చెప్పను?" డాక్టరు చేతిలోని స్క్రూడ్రైవరు పైకెత్తాడు. "వాడి మొహం చూడలేక నేను విచారణకి కూడా పోలేదు. ఆ డ్రైవరు ఎదురుపడ్డాడో, ఇది వాడి గుండెల్లో దింపేస్తాను."

ఆ రోజు పెద్దమనిషి ఇంజను సంగతి కూడా సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయాడు. కానీ మళ్లీ వచ్చాడు. వస్తూనే ఉన్నాడు.

ఈసారి డాక్టరు పట్టుదలకి పోయాడు. ఇంజన్ని తన బల్ల మీది గుండ్రటి పట్టాల మీద వదిలాడు. అది చక్కగా తిరిగింది. చాలాసేపటికి ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే.

తిరగేసి భూతద్దం పెట్టి చూశాడు. చక్రాలు ఆకురాయితో రాసినట్టు అరిగి ఉన్నాయి. ఇంజనుకి రెండు పక్కలా, సరిగ్గా వేళ్లు ఆనే చోట, రంగు లేచిపోయింది.

అతనికి విషయం అర్థమైంది.

"కరెంటు ఉండగానే దీన్ని చేత్తో పట్టుకుని ఆపుతున్నారు. అవునా?"

పెద్దమనిషి తల దించుకున్నాడు. "అవునండీ."

"స్విచ్చి ఉండగా చెయ్యెందుకు?"

"స్విచ్చి ఆపినా కొంత దూరం పోతుందండీ. ఆగాల్సిన చోట ఆగదు."

డాక్టరుకి ఒళ్లు మండిపోయింది.

"ఇంజన్ని కదలనివ్వకుండా పట్టుకుంటే మోటారు కాలక ఏమవుతుంది? రోగం దీనికి కాదు, మీకు! ఇన్నాళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేశారు."

అరిచిన అరుపుకి దగ్గు తెర వచ్చింది. పెద్దమనిషి గబుక్కున సీసా మూత తీసి అందించాడు.

"మీ నీళ్లు నాకక్కర్లేదు. లేవండి! మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దు."

పెద్దమనిషి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి ఫొటో వైపు చూశాడు.

"మీ ఆవిడగారితో ఒక్క..."

"మా ఆవిడతో మీకేం పని? నడవండి ముందు!"

ఆయన వెళ్లిపోయాడు. ఇంజను బల్ల మీదే ఉండిపోయింది.

నిజంగానే వానలొచ్చాయి, వెలిశాయి. కోపం చల్లారాక డాక్టరు ఇంజనుకి చక్రాలు మార్చి, కొత్త రంగు వేసి ఉంచాడు. పెద్దవాణ్ణి అంత మాటనకుండా ఉండాల్సింది అనిపించింది. ఖాళీ స్టూలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఒకరోజు రైల్వే యూనిఫాంలో ఉన్న మనిషి వచ్చాడు.

"నేను గార్డునండీ. మా డ్రైవరుగారి బొమ్మ ఇంజను మీ దగ్గరుందట. వాళ్లావిడ తెమ్మంది."

"డ్రైవరా?" డాక్టరు చేతిలో పని ఆగిపోయింది. "ఆయన రాలేదేం?"

"పోయారండీ. గుండె ఆగిపోయింది."

గార్డు గోడ మీది ఫొటో చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీకు చెప్పనేలేదా ఆయన? ప్రతిసారీ చెప్పి వస్తానని బయల్దేరేవారు. 'ఇవాళా నోరు రాలేదోయ్' అంటూ తిరిగొచ్చేవారు."

"ఏం చెబుదామని?" డాక్టరు లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు బ్రేకు వేసినా బండి ఆగలేదండీ. కొన్ని పెట్టెలు దాటాక ఆగీ ఆగగానే దూకి వెనక్కి పరుగెత్తారు. మీ అబ్బాయి తల ఒళ్లో పెట్టుకుని, తన సీసాలో నీళ్లు తాగించారు. ఊపిరి పోయేదాకా అక్కణ్ణించి కదల్లేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ బండెక్కలేదు."

డాక్టరు తడుముకుంటూ ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. మావాడు నీళ్లు తాగాడు, ఇవాళ ఇంటికెళ్లి చెప్పొచ్చు అనుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"మావాడు... ఏమైనా మాట్లాడాడా?"

"మాట్లాడాడట. వాళ్లమ్మకి చెప్పమని ఏదో అన్నాడట."

"ఏమన్నాడు?"

గార్డు తల అడ్డంగా ఊపాడు.

"నేను ఎక్కడో బండి చివర ఉన్నానండీ, వచ్చేసరికే అంతా అయిపోయింది. మేమెంత అడిగినా, అది ఆ తల్లికి చెప్పాల్సిన మాట, మీకు కాదు అనేవారు. ఆ మాట విన్నది ఆయనొక్కరేనండీ."