బుడగల గ్లాసు

"సబ్బు చుక్క వేస్తావా? మా డ్రింకులో సబ్బా?"

కంపెనీ మేనేజరు గ్లాసక్క చేతిలోని చిన్న సీసా లాక్కుని నేలకేసి కొట్టాడు. కూల్‌డ్రింకుల ప్రకటనలు తీసేటప్పుడు గ్లాసును కంటికి ఇంపుగా తయారుచేయడం ఆమె పని. అందుకే స్టూడియోలో అందరికీ గ్లాసక్క.

"లైట్ల వేడికి గ్యాసంతా క్షణాల్లో పోతుంది సార్. ఒక్క చుక్క వేస్తే బుడగలు నిలబడతాయి. అందరూ చేసేదే."

"అందరూ చేసే మోసం నా దగ్గర కుదరదు. గ్లాసులో డ్రింకు తప్ప ఇంకేమైనా పడిందో, ఈ ఊళ్ళో ఏ స్టూడియో గడపా తొక్కకుండా చేస్తా. ఏమనుకుంటున్నావో!"

అనడమే కాదు, చేయగలడు కూడా. ఊళ్ళో తీసే ప్రకటనల్లో సగం ఆ కంపెనీవే. గ్లాసక్క సబ్బు మాట వదిలేసి గ్లాసు అందుకుంది.

అంతటితో ఆగాడా మహానుభావుడు! లైట్లు చూసే అన్న స్టూలు పక్కన అవతలి కంపెనీ డ్రింకు బాటిలు కనబడింది. భోజనంలోకని కొనుక్కున్నాడు పాపం, ఇంకా మూతైనా తియ్యలేదు. మేనేజరు దాన్ని చచ్చిన ఎలుకలా రెండు వేళ్ళతో ఎత్తి చెత్తబుట్టలో పడేశాడు.

"నా షూటింగులో ఈ దరిద్రం కనబడకూడదు!"

కంపెనీ డ్రింకు గ్లాసులో పోశారు. కెమెరా తిరిగేలోపే బుడగలు చచ్చాయి. మళ్ళీ పోశారు. మళ్ళీ అంతే. డైరెక్టరు తల పట్టుకున్నాడు. మేనేజరు గ్లాసక్క మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే ఏదో చేస్తున్నావు. కావాలని పాడుచేస్తున్నావు!"

"నేనేం చేస్తాను సార్? గ్యాసు పోయాక మిగిలేది రంగేసిన చక్కెర నీళ్ళేగా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మేనేజరు మొహం కందగడ్డలా అయింది.

"చక్కెర నీళ్ళా? ఇంకొక్క షాటు! బుడగలు రాలేదో, పెట్టె సర్దుకో. ఈ జన్మలో ఇంకో గ్లాసు ముట్టుకోవు" అంటూ ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు.

డైరెక్టరు టీకి లేచాడు. లైట్లు ఆర్పారు. గ్లాసక్కకి ఏడుపు తన్నుకొచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండింది. గ్లాసు కడిగి, మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచింది.

మేనేజరు తిరిగొచ్చాడు. లైట్లు వెలిగాయి. కెమెరా తిరిగింది. ఈసారి గ్లాసు అడుగునుంచి బుడగలు బారులు తీరి పైకి లేచాయి. నురగ అంచుదాకా పొంగి అక్కడే నిలబడింది.

"ఓకే!" డైరెక్టరు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

మేనేజరు మాత్రం నమ్మలేదు. "ఏం కలిపావు? నిజం చెప్పు."

"డ్రింకు తప్ప ఇంకేం లేదు సార్."

"అయితే తాగు."

అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. గ్లాసక్క సగం గ్లాసు గటగటా తాగి మూతి తుడుచుకుంది. మేనేజరు ఆ గ్లాసు లాక్కుని మిగతాది గొంతులో పోసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బ్రేవ్‌మని తేన్చాడు.

"ఇదీ మా డ్రింకంటే! ఏళ్ళ తరబడి నాలుక మీద ఉన్న రుచి, నాకు తెలీదా? చక్కెర నీళ్ళట! అవతలి కంపెనీ వాళ్ళని ఇలాంటిది ఒక్క గ్లాసు పొయ్యమనండి చూద్దాం!"

కాలరు ఎగరేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన కారు గేటు దాటాక లైట్ల అన్న గబగబా చెత్తబుట్ట దగ్గరికెళ్ళి తన బాటిలు పైకి తీశాడు. ఖాళీ!

"ఇదెవరు తాగేశారు గ్లాసక్కా?"

గ్లాసక్క తాపీగా పెట్టె సర్దుకుంటూ అంది.

"సగం నేను తాగానన్నా. మిగతా సగం మేనేజరుగారు."