మూతపడిన ఏడాది హాజరు

“హాజరు రిజిస్టరు జతచేశానని మీ నాన్నగారు అర్జీలో రాశారు. అందలేదని మా ఆఫీసు రాసింది. మరి ఇన్నేళ్ల తర్వాత అది మీ దగ్గర ఎలా తేలిందమ్మా?” అన్నాడు రిజిస్ట్రార్.

బైండింగ్ షాపులో పనిచేసే ఆవిడ ఒళ్లోని సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “నాన్న ఏది రాసినా రెండు కాపీలు రాసేవారు సార్. పాత రిజిస్టరు ఎవరి దగ్గరున్నా తెమ్మని పేపర్లో మీ ప్రకటన చూసి తెచ్చాను.”

“అయితే మొదటిది మావాళ్లే ఏ చెత్తబుట్టలోనో పడేసి ఉంటారు,” అని నవ్వేశాడాయన. ఓ మనిషి ఉద్యోగం ఊడగొట్టిన సంగతి అది. ఆయనకి మాత్రం నవ్వులాటే.

ఆ సాంకేతిక విశ్వవిద్యాలయం రెండు గదుల్లో సర్వేయర్ల బడిగా పుట్టింది. తర్వాత కాలేజీ అయింది, ఆపైన యూనివర్సిటీ. ఈ ఏడుతో నూరేళ్లు. మధ్యలో ఆగకుండా నూరేళ్లు నడిచిన ప్రభుత్వ సంస్థకి ప్రత్యేక హోదా ఇస్తారు. అదొస్తే రిజిస్ట్రార్‌గారు వైస్ చాన్సలర్ కుర్చీ ఎక్కడం ఖాయమని కారిడార్లో అటెండర్లు కూడా చెప్పుకుంటున్నారు.

అడ్డమల్లా ఒక్క ఏడాదే. నలభై మూడేళ్ల కిందట సమ్మె జరిగి, గేటుకి తాళం పడి, ఏడాది పొడుగునా తియ్యలేదు. ఆవిడ తండ్రి అక్కడ సర్వే మాస్టారు. ఆయన మాత్రం పదకొండుమందిని ఓ రేకుల షెడ్డులో కూర్చోబెట్టి పాఠాలు చెప్పాడు. రోజూ హాజరు వేశాడు. గేటు తెరిచాక కాలేజీ ఆయనకిచ్చిన బహుమానం ఏమిటయ్యా అంటే, ‘విధులకు గైర్హాజరు’ అని ఉద్యోగంలోంచి తీసెయ్యడం. ఆ మాట మోస్తూనే ఆయన పోయాడు.

“నాకింకేం వద్దు సార్. ఆ ఆర్డరు రద్దుచేసి, ఆ ఏడాది ఆయన పాఠం చెప్పారని ఒక్క కాగితం ఇవ్వండి. మా అమ్మకి చదివి వినిపించాలి.”

“అదెంత పనమ్మా. ఇవాళే ఇచ్చేస్తాను. ముందు రిజిస్టరు చూడనివ్వండి.”

ఆవిడ సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. పసుపెక్కిన కాగితాలు, పురుగు కొట్టిన అంచులు, పదకొండు పేర్లు, ప్రతి పేజీ కిందా మాస్టారి పొడి సంతకం. రిజిస్ట్రార్ మొహం చేటంతయింది.

“సంతకాలు పెట్టేముందు ఒకసారి నిదానంగా చూసుకోండి సార్.”

“ముప్పై రెండేళ్ల సర్వీసమ్మా నాది. కాగితం మొహం చూస్తే చాలు, ఏ కాలందో చెప్పేస్తాను.”

ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశాడు. ప్రతి పేజీ మీదా ‘అసలు ప్రతిని స్వయంగా పరిశీలించి ధ్రువీకరించాను’ అని స్టాంపు, దాని కింద పచ్చ సంతకం. అక్కడి పద్ధతి అది. పచ్చ సంతకం పడిందంటే ఇక ఆ కాగితం మంచీ చెడ్డా సంతకం చేసినవాడివే. యాభై రెండు పేజీలు. ఆవిడే ఓపిగ్గా పేజీలు తిప్పింది. ఆఖరి సంతకం అయ్యేసరికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది.

“ఇక నువ్వు వెళ్లు.”

“నాన్నగారి కాగితం సార్?”

“అదెలా కుదురుతుంది? పాఠం చెప్పాడని రాసిస్తే, మూసెయ్యమన్న ఉత్తర్వుని ధిక్కరించినట్టవుతుంది. చచ్చినవాడి మీద ఇంకో కేసెందుకు? గైర్హాజరే నయం.”

“మరి ఆ పదకొండుమందికీ పాఠం ఎవరు చెప్పినట్టు?”

“యాజమాన్యం. నూరేళ్ల చరిత్ర పుస్తకంలో అలాగే వేస్తున్నాం. గడ్డు రోజుల్లో కూడా తరగతులు ఆపలేదని.”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. “మాటిచ్చారు కదా సార్.”

“మాట కింద పచ్చ సంతకం ఉందా?” అని మళ్లీ నవ్వాడు.

“అయితే నా రిజిస్టరు నాకిచ్చెయ్యండి.”

“నీదేమిటి నీది? ఇది ప్రభుత్వ రికార్డు. మా రికార్డు గదిలో నేనే వెతికి పట్టుకున్నాను. హోదా ఇచ్చే కమిటీకి అదే చెప్తాను. బైండింగ్ షాపు మనిషి తెచ్చిందంటే లేనిపోని అనుమానాలు.” అటెండర్ని పిలిచాడు. “సందర్శకుల పుస్తకంలో ఈవిడ పేరున్న కాగితం చింపెయ్. ఈవిడ ఇవాళ ఇక్కడికి రాలేదు.”

అటెండరు ఆవిడ ఎదుటే చింపాడు.

“అంత చదువుకున్న మాస్టారి కూతురివి, పాత పుస్తకాలకి అట్టలేసుకుని బతుకుతున్నావు,” అన్నాడు రిజిస్ట్రార్. “రిజిస్టరు నేనే తెచ్చానని నువ్వు బయట వాగావనుకో, వినేవాళ్లు నవ్విపోతారు.”

“వాగను సార్. కమిటీవాళ్లు ఊరికే నమ్మేస్తారా?”

“ఊరికే ఎందుకు నమ్ముతారు? రేపు వాళ్ల వెంట సిరా వయసు లెక్కకట్టే నిపుణుడొకడు వస్తున్నాడు. దొంగ కాగితం పెడితే సంస్థ గుర్తింపు పోతుంది, సంతకం చేసినవాడు జైలుకి పోతాడు. అందుకేగా అసలు రిజిస్టరు కోసం ఆర్నెల్లు దేవులాడింది.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆయనకో నమస్కారం పెట్టి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. పుస్తకంలో పేరే లేదు కాబట్టి, వెళ్తున్నట్టు సంతకం పెట్టమని వాచ్‌మన్ కూడా ఆపలేదు.

ఆ రిజిస్టరంతా పోయిన నెలలో ఆవిడే కూర్చుని రాసింది.