మధ్యలో ఖాళీ

గూడ్సుబండి గారి రికార్డింగు పద్నాలుగు నిమిషాలుంది. అందులో మాటలు మూడు నిమిషాలు కూడా లేవు.

“ఇదేం చదవడమండీ! మాటకీ మాటకీ మధ్య ఓ కునుకు తీయొచ్చు,” అన్నాడు పాఠకుల సంఘం కార్యదర్శి.

టీచర్ నవ్వి, హెడ్‌ఫోన్స్ సర్దుకుంది.

సంఘం పాత వెబ్‌సైటు స్థానంలో కొత్తది తయారు చేసే పని ఆమె మీద పడింది. సభ్యులు రాసినవీ, చదివి వినిపించినవీ అన్నీ అందులోకి మార్చాలి. ఒక్కో రికార్డింగుకు మూడు నిమిషాలు మించకూడదు.

గూడ్సుబండి అన్నది సభ్యులు పెట్టిన పేరు. మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని, ఎవరితోనూ కలవకుండా వెళ్లిపోయే పెద్దాయన. ఆయన పంపినవన్నీ ఒకే తీరు.

‘తలుపు తీయండి.’ నిశ్శబ్దం.

‘దాహంగా ఉంది.’ మళ్లీ నిశ్శబ్దం.

కథా కాదు, కవితా కాదు. టీచర్ ఓపిగ్గా ఖాళీలన్నీ కత్తిరించి, మాటలు దగ్గరికి చేర్చి, కొత్త వెబ్‌సైటులో పెట్టింది.

మూడో రోజు ఆయన ఆఫీసుగదికి వచ్చాడు.

“అమ్మా, మధ్యలో ఖాళీలు తీసేశారు.”

“ఖాళీలే కదా బాబాయిగారూ. మాట ఒక్కటీ పోలేదు.”

“మాటలుంటే చాలదమ్మా. ఖాళీలూ కావాలి.”

“ఎందుకండీ?”

ఆయన తటపటాయించాడు. “అవి నావి కావు.”

కార్యదర్శి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. “మాట్లాడకపోవడానికి కూడా హక్కుదారులుంటారా సార్?”

“ఉన్నారు బాబూ. తమ సంగతి బయటపెట్టొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.”

ఒంటరి మనిషి, ఏదో చాదస్తం అనుకుంది టీచర్.

“మీ ఒక్కరికే పద్నాలుగు నిమిషాలిస్తే మిగతావాళ్లు నన్ను బతకనివ్వరండీ. వార్షికోత్సవం కానివ్వండి, చూద్దాం.”

“మళ్లీ చదివి ఇద్దామంటే, వచ్చే వారం నాకు గొంతు ఆపరేషన్ అమ్మా.”

“పాత రికార్డింగులు నా దగ్గరే ఉన్నాయి లెండి. ఎక్కడికీ పోవు.”

“అవి పోవమ్మా,” అని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

వార్షికోత్సవం బాగా జరిగింది. ఆయన ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆ నెల మీటింగులో అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

మరో పది రోజులకు ఒక అమ్మాయి తల్లిని నడిపించుకుంటూ వచ్చింది. తల్లి కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది.

“మేడమ్, మీ వెబ్‌సైటులో, ఆసుపత్రిలో మాకు పరిచయమైన ఒక పెద్దాయన మాటలుండేవి. ఇప్పుడవి గబగబా వెళ్లిపోతున్నాయి. అమ్మ అందుకోలేకపోతోంది.”

“అందుకోవడమేమిటమ్మా?”

“పక్షవాతం వచ్చి అమ్మకి మాట పడిపోయింది. ఆయన ఒక మాట అని ఆగేవారు. ఆ ఖాళీలో అమ్మ దాన్ని తిరిగి అనేది. ఆసుపత్రిలో అమ్మతో పాటు ఉన్నవాళ్లంతా ఇంటికెళ్లాక కూడా ఇవే పెట్టుకుంటారు.”

ముప్ఫై ఏళ్లు తరగతిలో తనూ ఒక ముక్క చెప్పి, పిల్లలు తిరిగి అనేదాకా ఆగింది టీచర్.

“ఈ పూటే పాతవి పెట్టేస్తాను,” అంది మెల్లగా.

“ఆయన ఫోను ఎత్తడం లేదు మేడమ్. కనిపిస్తే చెప్పరూ, అమ్మ ‘కిటికీ’ అనేస్తోందని? ఎంత సంతోషిస్తారో!”

టీచర్ కంప్యూటర్ మీద నుంచి చెయ్యి తీసింది.

“ఆయన పోయారమ్మా. నెల దాటింది.”

తల్లి అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది.

“ఆయన మీకేమవుతారండీ?” అడిగింది టీచర్.

కూతురు చెప్పబోతే తల్లి వద్దని సైగ చేసింది. పెదవులు కూడదీసుకుంది. ఎంతసేపు పట్టినా టీచర్ మాట అందించలేదు.

“మా... మాస్టారు,” అందామె.