తాళాల అప్పగింత

"చేతకాకపోతే తప్పుకో. కుర్చీ పట్టుకుని వేలాడకు!"

మళ్ళీ అర్సెనియో మెయిలే. ఈ వారంలో ఇది ఎన్నోదో జునిల్దా లెక్కపెట్టడం మానేసింది. మధ్యాహ్నం ఎండకి అసున్సియోన్ ఊరంతా కునుకు తీస్తుంటే, ఆవిడ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఊరూపేరూ తెలియనివాళ్ళు పంపిన కోడ్ సవరణల్ని ఒక్కొక్క వరసే చదువుతోంది. ఆస్పత్రుల్లో రోగుల వివరాలు భద్రపరిచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. సవరణ ఎవరైనా పంపొచ్చు. తాళాలు మాత్రం జునిల్దా దగ్గరే. ఆవిడ సరేననందే ఏదీ లోపలికి పోదు. జీతం లేదు, భత్యం లేదు, పైగా సవరణలు ఆలస్యమవుతున్నాయని ఈ అర్సెనియో ఎవడో తిట్లు.

"వీడి నోట్లో మన్ను పడ! వీడబ్బ సొమ్మేదో నేను తిన్నట్టు!" అంటూ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది.

సిరిలో అనే ఆవిడ భర్త ఆ గ్లాసులో చల్లటి తెరెరే ఆకు పానీయం మళ్ళీ నింపాడు. "ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ? పీడా వదులుతుంది."

"ఎవరికివ్వను? ఒక్క దొంగ వరస జొరబడిందంటే రోగులందరి గుట్టూ బజార్న పడుతుంది."

"ఆ డెర్లిస్ ఉన్నాడుగా?"

అవును, డెర్లిస్. మొహం ఎప్పుడూ చూడలేదు గానీ బంగారంలాంటి కుర్రాడు. ఏడాదిగా ఏ పని చెప్పినా మారుమాట లేకుండా చేశాడు. అర్సెనియో తిట్టిన ప్రతిసారీ వెంటనే ఓదారుస్తూ రాస్తాడు. ఇప్పుడూ వచ్చింది: "అలాంటివాళ్ళని పట్టించుకోకండి అక్కా. కాస్త విశ్రాంతి తీసుకోండి. బరువు మొయ్యడానికి నేను లేనూ? మీ తమ్ముడు, డెర్లిస్."

జునిల్దా కళ్ళు చెమర్చాయి. అంతలో అర్సెనియో మళ్ళీ ఊడిపడ్డాడు: "నీ బద్ధకానికి రోగులు చావాలా? సిగ్గులేని మనిషివి!"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "బద్ధకమా! నాదా బద్ధకం? మన పెళ్ళిరోజున కూడా వీళ్ళ కోడే చదివాను కదయ్యా!"

"చదివావు. నేనొక్కణ్ణే చీపా రొట్టె కొరుక్కుంటూ కూర్చున్నాను," అన్నాడు సిరిలో.

"చాలు. ఇంక నావల్ల కాదు!"

 అధికారాలన్నీ డెర్లిస్ పేరుకి మార్చేసి, తన పేరు తనే కొట్టేసింది. ఇక తిరిగి కావాలన్నా అతనివ్వాల్సిందే. ఆ ఊపులోనే అర్సెనియోకి రాసింది: "దిగిపోయాను. తాళాలు డెర్లిస్‌కి ఇచ్చేశాను. ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు? ఇంకోసారి నాకు రాశావంటే మర్యాద దక్కదు!"

కిమ్మనడనుకుంది. కానీ అర్సెనియో మెయిల్ అడ్రసు నుంచే జవాబు క్షణాల్లో వచ్చేసింది.

"చాలా సంతోషం అక్కా. ఇక అన్నీ నేను చూసుకుంటాను. మీ తమ్ముడు, డెర్లిస్."