గాలి బురుజు కింద

పైగాలిని ఇంట్లోకి దింపే గాలి బురుజు కింద నిలబడి తలెత్తగానే శ్రావ్య ముఖానికి చల్లగాలి తగిలింది.

దుబాయిలో అరబ్బుల పాత పేట అది. పగడపు రాతి గోడలు, ఇసుక రంగు సందులు, నడుమ మండువా ఉన్న ఇళ్లు. అన్నీ ఈమధ్యే బాగుచేసినవి.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి హైదరాబాద్‌కు, మరిది పెళ్లికి వెళ్తూ దారిలో ఒక పూట ఆగారు. భర్త జశ్వంత్ విమానమెక్కిన దగ్గర్నుంచీ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.

"మమ్, విల్ యూ మిస్ మీ?" అంది ఎనిమిదేళ్ల గీతిక.

"ఎందుకు మిస్సయిత?"

"యూ ఆర్ స్టేయింగ్ విత్ అమ్మమ్మ. ఓన్లీ మీ అండ్ డాడ్ ఆర్ గోయింగ్ హోమ్. డాడ్ సెడ్."

శ్రావ్య భర్త వైపు తిరిగింది. అతను బురుజును ఫొటో తీస్తూనే ఉన్నాడు.

"నిజమేనా?"

"కొన్నాళ్లు మీ అమ్మ దగ్గర ఉండు. బుద్ధొస్తే పిలిపిస్త."

"ఏం చేసిన నేను?"

"జాబ్ చేస్తనని ఎదురు మాట్లాడలే? నీ వీసా నా మీదున్నది. యాదుంచుకో."

"నా పాస్‌పోర్టు ఇయ్యి."

"పోగొడ్తవ్."

పక్కనుంచి టూరిస్టులు వెళ్తున్నారు. సందు మొదట్లో ఒక సెక్యూరిటీ గార్డు నిలబడి ఉన్నాడు. అతను ముఖానికి నవ్వు పులుముకుని గొంతు తగ్గించాడు. "ఇక్కడ సీన్ చేయకు."

అతని భయం ఎక్కడుందో ఆమెకప్పుడు తెలిసింది.

"ఇస్తవా, ఆ గార్డును పిలవాల్నా?"

ఆమె గొంతు పెంచలేదు. అయినా గార్డు ఇటే చూస్తున్నాడు.

జశ్వంత్ సంచిలోంచి పాస్‌పోర్టు తీసి ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

"పో. ఎక్కడికి పోతవో చూస్త."

శ్రావ్య వంగి తీసుకుంది. చెయ్యి చాచే ఉంచింది.

"గీతికది."

గార్డు రెండడుగులు ముందుకేశాడు. జశ్వంత్ రెండో పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

తమ్ముడి పెళ్లి తప్పించుకోలేని జశ్వంత్ ఒక్కడే హైదరాబాద్ విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్టులో ఆమె పెర్త్‌కు రెండు టికెట్లు తీసుకుంది. తిరుగు ప్రయాణమంతా గీతిక కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో తమ ఇంటి వాకిట తాళాల అతను కొత్త తాళం బిగించి లేచాడు.

"హౌ మెనీ కీస్?"

"త్రీ," అంది గీతిక.

"టూ," అంది శ్రావ్య.

గీతిక తల్లి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.